పదహారు చిన్నవి, ఎనిమిది పెద్దవి

మా చర్చి సంఘానికి ఏటా ఫిబ్రవరిలో మూడు రోజుల సభలు జరుగుతాయి. గురువారం మొదలై శనివారం మధ్యాహ్నానికి ప్రసంగాలు అయిపోతాయి. ఆదివారం ఆరాధన, ఆ తర్వాత ప్రేమ విందు. విందు తిని లేచిన ప్రతి కుటుంబానికీ ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చి పంపడం మా దగ్గర ఆనవాయితీ. మూడు రోజుల పాటలు, ప్రసంగాలు, సాక్ష్యాలు అన్నీ అందులో ఉండాలి. ఒకప్పుడు క్యాసెట్లు ఇచ్చేవాళ్లు, తర్వాత సీడీలు. తడ వైపు నుంచి, వాకాడు వైపు నుంచి, పులికాట్ దీవుల నుంచి పడవ దిగి వచ్చేవాళ్లు అది చేతికి రాకుండా బస్సెక్కరు.

పద్దెనిమిదేళ్లు ఆ పని నేనూ నా భార్య అబిగయీలూ చేశాం. నేను కెమెరా పట్టేవాణ్ని. ఆమె ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని మిక్సింగ్ చేసేది. నేను దొరవారిసత్రం హైస్కూల్లో పది తప్పాను, ఆమె పాసైంది. ఆ తేడా ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తేవాళ్లు వేరే ఉండేవాళ్లు.

మూడేళ్ల కిందట సభల శనివారం నాడే ఆమె పోయింది. గుండెనొప్పి. అప్పటి కంప్యూటర్‌లో నాలుగు కోర్లు. కోరంటే లోపల పనిచేసే మనిషి అనుకోండి. కెమెరాలోంచి వచ్చే ఫైళ్లు చాలా లావుగా ఉంటాయి. వాటిని పెన్‌డ్రైవ్‌లో పట్టేలా కుదించడాన్ని ఎన్‌కోడింగ్ అంటారు. ఆ నాలుగు కోర్లకు అది పూట పని. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికి వస్తుంది. అందుకని ఆమె నొప్పి పట్టుకుని, ఎంత శాతం అయిందో తెరమీద చూపించే గీత నిండాలని కూర్చుంది. డెబ్భై ఒకటో శాతం దగ్గర ఒరిగిపోయింది. ఆమె పక్కన ఆమె అక్క కూతురు ఏంజెలిన్ ఉంది. నాకు ఫోన్ చేయలేదు. నేను మూడొందల గజాల దూరంలో, చర్చి ఆవరణలో, ఆదివారం ఆరాధనకు స్టాండు మీద కెమెరా సర్దుకుంటూ నిలబడి ఉన్నాను.

సమాధి దగ్గర అందరూ ఒకే మాట చెప్పారు. దేవుని చిత్తం. సంఘ సెక్రటరీ గిద్యోను కూడా అదే చెప్పాడు. ఆ మధ్యాహ్నం ఆమెకు నాలుగుసార్లు మెసేజ్ పెట్టింది ఆయనే. ఎంతవరకు వచ్చిందమ్మా, ఎప్పటికవుతుందమ్మా అని. ఆ ఫోన్ నా దగ్గరే ఉంది. మెసేజులు చెరపలేదు.

మరుసటి ఏడు పని నాయుడుపేట ఫ్రెడ్డీకి ఇచ్చారు. ఫ్రెడ్డీ గిద్యోను తమ్ముడి కొడుకు. ఆ ఏడాదే నేను చెన్నై వెళ్లి ఇరవై నాలుగు కోర్ల కంప్యూటర్ కొని, పోయిన ఏటికి పని తిరిగి అడిగి తెచ్చుకున్నాను. పెన్‌డ్రైవ్‌లు ఆదివారం అందలేదు. బుధవారానికి అయ్యాయి. దీవులవాళ్లకు నెల తర్వాత చేరాయి. నాలుగు కోర్లతో ఆమె చేసిన పని ఇరవై నాలుగుతో నా చేత కాలేదు.

ఈ ఏడు చివరి అవకాశమని గిద్యోను ముందే చెప్పాడు. నాకింకే పనీ లేదు. పెళ్లిళ్లకు పిలవడం మానేశారు. నా మొహం చూసి పిలవరని నాకు తెలుసు.

శనివారం ఒంటిగంటన్నరకు ఎన్‌కోడింగ్ మొదలుపెట్టాను. మొత్తం పదకొండు గంటల వీడియో, ఎనిమిది ఫైళ్లు. పందిట్లో వెలుతురు తక్కువ, బొమ్మ నిండా ఇసుక పోసినట్టు చుక్కలు. వాటిని తుడిచే ఫిల్టర్ కూడా పెట్టాను. గీత కదలడం మొదలవగానే విండోను కిందికి దించేశాను. అది నాకు అలవాటు.

నాలుగింటికి గిద్యోను వచ్చాడు.

"అన్నా, ఎంతైంది?"

"పది."

"పది ఫైళ్లా?"

"మొత్తం ఎనిమిదే. పది శాతం."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. "ఈ లెక్కన రేపు మధ్యాన్నం రెండున్నర. ఆ తర్వాత నూట అరవై పెన్‌డ్రైవ్‌లకి ఎక్కించాల. అదొక నాలుగు గంటలు. అప్పటికి పందిరి విప్పేసుంటారన్నా."

"తెలుసు."

"ఫ్రెడ్డీ గంటన్నరలో ఇస్తానంటా ఉండాడు. వాడి దాంట్లో గ్రాఫిక్స్ కార్డు ఉండాది. దాంతోనే చేస్తాడంట."

"చేస్తాడు. పదకొండు గంటలు అంత తొందరగా పదహారు జీబీ పెన్‌డ్రైవ్‌లో కుక్కితే మొహాలు పిండిముద్దల్లా వస్తాయి. ముందటేడు నువ్వు చూళ్లేదా?"

"మన జనానికి మొహాలేందన్నా, మాట వినపడితే చాలదా?"

"అయితే క్యాసెట్లే ఇయ్యండి."

గిద్యోనుకు కోపం రాదు. ఆయనలో నాకు నచ్చని గుణం అదే. లేచి పంచె దులుపుకున్నాడు. "ఆరింటిదాకా చూస్తా. అప్పటికీ ఇట్లనే ఉంటే ఫైళ్లు ఫ్రెడ్డీకి పంపించెయ్. ఇంకెప్పటికీ వాడే చేస్తాడు. నువ్వు కూడా విశ్రాంతి తీసుకో."

విశ్రాంతి అన్న మాట ఆయన నోట విన్నప్పుడు ఆ నాలుగు మెసేజులూ చూపిద్దామనిపించింది. చూపించలేదు. చూస్తే ఏడుస్తాడు, ప్రార్థన చేద్దామంటాడు.

అరగంట తర్వాత గేటు చప్పుడైంది. ఏంజెలిన్. గూడూరులో కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేస్తుంది. మూడేళ్లుగా ఆమె ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు. చేతిలో స్క్రూడ్రైవర్ల సంచి ఉంది.

"సెక్రటరీ గారు పంపినారు చిన్నాయనా."

"ఆయనకేం పనిలేదు. పో."

"పోతాలే. ఒకసారి చూసి పోతా."

"చూసేదేముండాది? పనిచేస్తా ఉండాది."

"ఇరవై నాలుగు కోర్లు పెట్టుకుని మూడు గంటల పనికి రోజంతా కూర్చోవడం పనిచేయడం కాదు," అంటూ చెప్పులు విడిచి లోపలికి వచ్చేసింది. వాళ్ల చిన్నమ్మ పోలిక. మాట వినదు.

కంప్యూటర్ పెట్టె మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది. "ఇదేంది?"

"దోమతెర గుడ్డ. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా బెజ్జాలన్నిటికీ అంటించినా."

"ఇంక గాలేడాడతాది? లోపల అన్నం ఉడికేట్టుండాది. వేడెక్కితే అదే నెమ్మదిస్తాది, కాలిపోకుండా." గుడ్డ పీకింది. వెనక పేరుకున్న దుమ్ము అట్టలా ఊడివచ్చింది. తర్వాత మౌస్ పట్టుకుని, కోర్లు ఎంతెంత పనిచేస్తున్నాయో చూపించే బొమ్మ తెరిచింది. ఇరవై నాలుగు గళ్లు. కొన్ని పైదాకా నిండి ఉన్నాయి, కొన్ని ఖాళీ. ఆమె ఖాళీ గళ్లు వేలితో లెక్కపెట్టింది.

"విండో ఎందుకు దించినావు?"

నేను ఆమె పీకిన గుడ్డ మడత పెట్టాను.

"ఎప్పుడూ దించే పెడతావా?"

"ఊఁ."

"చూడు. ఇందులో ఎనిమిది పెద్ద కోర్లు, పదహారు చిన్నవి. పెద్దవి బరువు పనికి, చిన్నవి కరెంటు మిగిల్చడానికి. నువ్వు విండో దించితే, ఈయనకిప్పుడిది అవసరంలేని పని అనుకుంటాది. తీసకపోయి చిన్నోళ్లకిస్తాది. పెద్దోళ్లు ఎనిమిది మందీ నిద్రపోతా ఉండారు, అదిగో."

ఆ గళ్లు నిజంగానే అడుగున పడి ఉన్నాయి. రెండేళ్లుగా అలాగే పడి ఉన్నాయన్నమాట.

"అదొకటే కాదు," అంది. "ఫైళ్లు ఒకదాని వెనక ఒకటి పెట్టినావు. నీ చుక్కలు తుడిచే ఫిల్టర్ ఒక్క కోరు మీదనే నడుస్తాది. అది తుడిచి ఇచ్చేదాకా మిగతావి చేతులు కట్టుకోని నిలబడాల. నాలుగు ఫైళ్లు పక్కపక్కన పెడితే నలుగురు తుడుస్తా ఉంటారు, అందరికీ పని దొరకతాది. ఇంకా మెమరీ కడ్డీలు ఎట్ల పెట్టినాడో చూడాల, షాపోడు."

"సరే. ఇదైనాక చూద్దువు."

"ఇదయ్యేది రేపు రెండున్నరకి."

ఆమె ఆపు బటన్ నొక్కింది.

మూడు గంటల పని పోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను, అప్పటికే తెర ఖాళీ అయింది. ఏమన్నానో రాయను. అనకూడని మాట అన్నాను. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు.

ఏంజెలిన్ కదలలేదు. తెర వైపే చూస్తూ చెప్పింది. "ఆ రోజు నేను ఆపలేదు చిన్నాయనా. చిన్నమ్మ వద్దనింది. ఆపితే మొదట్నుంచీ చేయాల, జనం వెళ్లిపోతారనింది. నేను విన్నా. ఆపాల్సింది."

"ఫోన్ చెయ్యలా నువ్వు."

"చెయ్యలా."

"ఎందుకని?"

"నీకు చెప్తే కెమెరా వదిలేసి వస్తావు, వద్దనింది. అదీ విన్నా. చేసుండాల్సింది."

మూడేళ్లలో నాకు ఆ మాట చెప్పినవాళ్లు ఎవరూ లేరు. పాస్టరుగారు చెప్పలేదు, గిద్యోను చెప్పలేదు, డాక్టరు చెప్పలేదు. అందరూ దేవుడి మీద పెట్టి ఇళ్లకు పోయారు. ఈ పిల్ల ఒక్కతే తన మీద పెట్టుకుంది. అందుకు నాకు జాలి కలగలేదు. కోపమూ పోలేదు. కాళ్లు పీకుతున్నాయని మాత్రం తెలిసింది. మంచం మీద కూర్చున్నాను.

"కానియ్," అన్నాను. "విప్పు."

ఆమె పెట్టె విప్పింది. మెమరీ కడ్డీలు రెండూ జోడు కలవని గుంటల్లో ఉన్నాయి. ఒకటి పీకి సరైన గుంటలో పెట్టింది. పెయింట్ బ్రష్షుతో ఫ్యాను రెక్కలు తుడిచింది. ఫైళ్లు బయటి హార్డ్ డిస్కులోనే ఉన్నాయని చూసి, "ఇది కూడా ఒక నత్త," అని వాటిని లోపలికి కాపీ చేసింది. ప్రతిదానికీ నన్ను అడగలేదు. నేనూ వద్దనలేదు. అయిదూ ఇరవైకి మళ్లీ మొదలుపెట్టింది. నాలుగు ఫైళ్లు, నాలుగు గీతలు. ఇరవై నాలుగు గళ్లూ నిండాయి. ఫ్యాను ఇంతకుముందెప్పుడూ వినని హోరు పెట్టింది. పూర్తి కావడానికి మూడు గంటల పది నిమిషాలని చూపించింది.

"విండో ఇట్లనే పైన ఉంచాల," అంది.

నేను గోడ వైపు చూశాను.

"లేదంటే సెట్టింగ్ మారుస్తా. కిందికి దించినా పెద్దోళ్లు పనిచేస్తారు."

"ఉండాదా, అట్లాంటిది?"

"ఉండాది."

"మరి ముందే చెప్పరాదా?"

"నువ్వు చూస్తావేమోననుకున్నా. నా వల్ల కాదు, నేను చూడలేను." సెట్టింగ్ మార్చింది. ఆమే విండోను కిందికి దించింది. గళ్లు పడిపోలేదు. ఇద్దరం కాసేపు వాటినే చూసి, బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాం.

ఆరింటికి గిద్యోను స్కూటర్ వచ్చింది. ఆమెను నా పక్కన చూసి స్టాండు వేశాడు.

"ఎనిమిదిన్నరకి అవుతాది," అన్నాను. "ఫ్రెడ్డీని నిద్రపొమ్మని చెప్పు."

"నిజంగానా అన్నా?"

"లోపలికి పోయి చూసుకో."

ఆయన లోపలికి వెళ్లి వచ్చాడు. "తెరమీద గళ్లు తప్ప ఏం లేవే?"

"అవే," అంది ఏంజెలిన్. "అవి నిండుంటే పని జరగతా ఉన్నట్టే. మీరు మెసేజులు పెట్టకుండా ఉంటే చాలు."

గిద్యోను మొహం ఒక్కసారి మారింది. పంచె సర్దుకుని స్కూటర్ తిప్పుకున్నాడు. ఆ మెసేజుల సంగతి నాకొక్కడికే తెలుసనుకున్నాను. ఆమె పక్కన కూర్చుని అవి వస్తుంటే చూసింది కదా. నేను ఫోన్ దాచుకున్నట్టే ఆమె ఆ సంగతి దాచుకుంది.

ఎనిమిదీ ఇరవై అయిదుకు పని అయిపోయింది. మగ్దలీనమ్మ సాక్ష్యం తెరిచి చూశాం. ఆమెకు డెబ్భై దాటాయి. పందిట్లో చివరి వరుసలో నిలబడి మాట్లాడింది, అక్కడ లైటు లేదు. అయినా కంటి కింద మచ్చ దగ్గర్నుంచి తెలుస్తోంది. ఏంజెలిన్ తలూపింది. రాత్రికి ఊళ్లోనే చుట్టాల ఇంటికి వెళ్లి, తెల్లవారి అయిదింటికి మళ్లీ వచ్చింది. ఇరవై చొప్పున ఎనిమిది దఫాలు పెన్‌డ్రైవ్‌లు ఎక్కించాం. తొమ్మిదిన్నరకు చివరిది పీకాను.

విందు దగ్గర గిద్యోను మైకు పట్టుకున్నాడు. ఈసారి దేవుడు సమయానికి అందించాడని చెప్పాడు. నేను పెన్‌డ్రైవ్‌ల పళ్లెం పట్టుకుని ఆయన పక్కనే ఉన్నాను.

"ఏంజెలిన్ అందించింది. ఆ పేరు చెప్పు," అన్నాను.

మైకు దగ్గరగా ఉండటంతో అందరికీ వినపడింది. ముందు వరుసలో ఎవరో నవ్వారు. గిద్యోను ఆమె పేరు చెప్పాడు, రెండోసారి కూడా చెప్పాడు.

దీవులవాళ్లు వెళ్లిపోయాక ఆకులు తీసేచోట ఏంజెలిన్ నా దగ్గరకు వచ్చింది. భుజాన సంచి ఉంది, గూడూరు బస్సుకు పోతోంది.

"వచ్చే ఏడు రావాల్నా చిన్నాయనా?"

"శుక్రవారమే రా. అయిన ఫైళ్లు అయినట్టు మొదలుపెడదాం. శనివారం దాకా ఆగేదెందుకు?"

"అదే నేనూ చెప్దామనుకున్నా."

"నిన్ను క్షమించినాననుకోబాక."

"అనుకోను," అంది. "నువ్వింకా తిన్లేదు. కూర అయిపోతా ఉండాది, పో."

నేను వెళ్లి చివరి పంక్తిలో కూర్చున్నాను.