విప్పి చూపియ్యి

కంప్యూటర్ సెట్టు ఇంటికి వచ్చిన రోజు హర్షిణి ఇంట్ల లేదు. కరీంనగర్ల డిగ్రీ ఆఖరు సంవత్సరం పరీక్ష రాసి, సాయంత్రం బస్సుకు సుల్తానాబాద్‌ల దిగి ఇంటికొచ్చేసరికి ముందటి అర్రల బల్ల మీద నల్లటి అద్దాల డబ్బా, దాని పక్కన మానిటర్ ఉన్నయి. డబ్బాకు అప్పటికే పసుపు కుంకుమ పెట్టి ఉన్నది. తల్లి శంకరవ్వ వంటింట్ల నుంచి నవ్వుకుంట వచ్చింది.

"మీ అన్న దోస్తు తిరుపతి లేడా, ఆయననే ఆటోల తెచ్చి పెట్టిపోయిండు. లైట్లు వెలిగిచ్చి సూపెట్టిండు. మస్తున్నది బిడ్డా."

హర్షిణి బ్యాగు కూడ దించలే. "ఎవరు కొనుమన్నరు?"

"మీ అన్న."

"నన్నడగకుంట?"

శంకరవ్వకు గా కోపం ఎందుకో సమజ్ కాలే. కంప్యూటర్ కావాలె, కంప్యూటర్ కావాలె అని మూడు నెలల సంది ఇల్లు పీకి పందిరేసింది గీ పిల్లనే.

హర్షిణికి కంప్యూటర్ కావాలన్న మాట నిజమే. కాలేజీల అయిదుగురు కలిసి ఒక జట్టు పెట్టుకున్నరు. కంప్యూటర్ల మీద ఆడే తుపాకుల ఆట. జట్టుల ఆమె ఒక్కతే ఆడపిల్ల, గురి మాత్రం అందరికన్న ఆమెదే బాగుంటది. హైదరాబాద్‌ల కాలేజీల పోటీకి ఎంపికైన్రు. ఇన్ని రోజులు కాలేజీ ఎదురుంగ ఉన్న నెట్ సెంటర్ల ఆడేది. అది మూసేసిన్రు. ఇంట్ల సొంతంగ ఒకటి ఉంటే తప్ప సాధన జరగదు.

రెడీమేడ్ సెట్టు కొనాల్నా, సామాన్లు విడివిడిగ తెచ్చి అసెంబుల్ చేసుకోవాల్నా అని ఆమె మూడు నెలలు చదివింది, వీడియోలు చూసింది, జట్టువాళ్లను అడిగింది. తక్కువ ధరల రెడీమేడ్ సెట్లల్ల బయటికి కనబడే అద్దాలకు, రంగురంగుల లైట్లకు ఖర్చు పెడ్తరు, లోపల కనబడని దగ్గర కోత పెడ్తరు. గందుకే అసెంబుల్ చేసుడే నయమని తేల్చుకున్నది. ఏ సామాను, ఏ కంపెనీది, ఎందుకు అదే అన్నది ఒక్కొక్కటి రాసి మస్కట్ల ఉన్న అన్న శ్రీహరికి పంపింది. సగం పైసలు ఆమెయే. రెండేండ్లు పిల్లలకు ట్యూషన్ చెప్పి జమచేసుకున్నయి. మిగతా సగం తను కలుపుత అన్నడు శ్రీహరి. "అన్నీ ఒక్కసారే ఆర్డర్ పెడ్త, నీయి నా ఖాతాల వెయ్యి" అంటే వేసింది.

గా పైసలతోని వచ్చింది గీ డబ్బా.

వీడియో కాల్‌ల శ్రీహరి ముఖం కనబడంగనే అడిగింది. "లిస్టు పంపిన కదా, ఏం చేసినవ్?"

"అసెంబుల్ చేసుడు నీతోని కాదు హర్షీ. ఒక్క పిన్ను వంగిందంటె అంత ఖరాబే. తిరుపతి నాకు పదో తరగతి సంది దోస్తు. వాని సొంత దుకాణం. వారంటీ కూడ ఇచ్చిండు. నీకెందుకు పరేషాన్?"

"లిస్టు చదివినవా?"

"చూసిన."

"అందుల ఏమున్నదో ఒక్క సామాను పేరు చెప్పు."

శ్రీహరి నవ్వే ప్రయత్నం చేసిండు. "నాకేం తెలుస్తది. తిరుపతికి పంపిన. గంతకన్న మంచియే పెట్టిన అన్నడు."

"నా పైసలతోని నాకు కొనే సామాను తిరుపతి ఎంచుకున్నడు" అన్నది హర్షిణి. ఫోన్ పెట్టేసింది. రాత్రి అన్నం తినలే.

అయినా వచ్చిన సెట్టును చూడకుంట ఎట్లుంటది. ఆదివారం జట్టుతోని ఆడకూసున్నది. ఇరవై నిమిషాలు బాగనే నడిచింది. తర్వాత బొమ్మ ఆగి ఆగి కదిలింది. ఎదుటోడు ముందటికొచ్చిండని తెలిసేలోపల ఆటల ఆమె చచ్చిపోయి ఉంటుండె. మూడు ఆటలు ఆమె వల్లనే పోయినయి. జట్టుల ఎవ్వరు ఏమనలే, గదే ఆమెకు ఇంకా మండింది. మూడో రోజు డబ్బాల నుంచి కాలిన వాసన వచ్చింది.

వెనుక స్క్రూ మీద చిన్న స్టిక్కర్ ఉన్నది. ఇది చినిగితే వారంటీ లేదని రాసి ఉన్నది. హర్షిణి ముందు స్టిక్కర్‌ను ఫోన్ల వీడియో తీసింది. తర్వాత గోరుతోని గీకి, స్క్రూ తీసి, మూత విప్పింది.

గ్రాఫిక్స్ కార్డు అంటే ఆట బొమ్మను తెర మీదికి తెచ్చే సామాను. సెట్టుల అన్నిటికన్న ఖరీదైంది. దాని స్క్రూల తలలు అరిగిపోయి ఉన్నయి. రేకుల సందుల దుమ్ముదుబ్బ గట్టిగ పేరుకున్నది. సీరియల్ నంబర్ ఉండాల్సిన దగ్గర గీకిన మరకలు. దాని మీది ప్లాస్టిక్ మూత ఒక్కటే తళతళ మెరుస్తుంది. కరెంటు అందిచ్చే పెట్టెకు అసలు కంపెనీ పేరే లేదు.

తండ్రి వెంకటి అప్పుడే పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కొని నిలవడ్డడు. కంప్యూటర్ గురించి ఆయనకు ఏమీ తెల్వది. ఒంగి చూసి, "కొత్తదాంట్ల గింత దుబ్బ ఎట్లొచ్చింది? పాత మోటరుకు రంగేసి ఇచ్చినట్టున్నది" అన్నడు.

హర్షిణి ఫోటోలు, వీడియో అన్నీ అన్నకు పంపింది. పావుగంటకు ఫోన్ వచ్చింది. "నువ్వెందుకు విప్పినవ్? సీలు పోయింది. ఇప్పుడు తిరుపతిని ఏ ముఖం పెట్టుకొని అడగాలె?"

"నంబర్ గీకి ఉన్నది. కనబడ్తలేదా నీకు?"

"నాకేం సమజైతది ఫోటోల. నువ్వే కదిలిచ్చి ఉంటవ్."

హర్షిణికి ఒళ్లంత మంటలేసింది. మోసం చేసినోని మీద ఉన్న కోపం ఒక వంతైతే, గీ మాట మీద వచ్చిన కోపం మూడు వంతులు.

తెల్లారి డబ్బాను చెద్దర్ల మూటగట్టి, కరీంనగర్ బస్సెక్కి, ఒళ్లె పెట్టుకొని కూసున్నది. కండక్టర్ ఆడోళ్లకిచ్చే జీరో టికెట్ ఇచ్చుకుంట, "ఏందమ్మా అది?" అన్నడు.

"మోసం" అన్నది హర్షిణి. కండక్టర్ ఇంకేం అడగలే.

బస్టాండు దగ్గరి సందుల ఉన్నది తిరుపతి దుకాణం. గోడ నిండ లైట్ల డబ్బాలు. గల్లా ముందట కుర్చీలల్ల ఒక పెద్దమనిషి, ఆయన పక్కన ఇంటర్ చదివే వయసు పిల్ల కూసొని ఉన్నరు. వాళ్ల ముందట బల్ల మీద అచ్చం హర్షిణి సెట్టు అసొంటిదే పెట్టి ఉన్నది. తిరుపతి బిల్లు రాస్తుండు.

"ఆఁ చెల్లె, రా. కూసో. చాయ్ తెప్పియ్యాల్నా?"

హర్షిణి మూట గల్లా మీద పెట్టి విప్పింది. "గీ కార్డు పాతది. నంబర్ గీకి ఇచ్చినవ్. నా పైసలు నాకియ్యి."

తిరుపతి పెన్ను పక్కకు పెట్టిండు. మెల్లగ అన్నడు. "శ్రీహరికి ఫోన్ కలుపు. నేను ఆయనతోని మాట్లాడ్త."

"నాతోని మాట్లాడు. సెట్టు నాది."

"కొన్నది ఆయన."

"సగం పైసలు నాయి."

"గది మీరూ మీరూ ఇంట్ల చూసుకోండ్రి. నువ్వు సీలు చింపినవ్. లోపల ఏం మార్చినవో నాకేం ఎరుక? గిరాకీ ఉన్నది, జర పక్కకు జరుగు."

హర్షిణి జరగలే. కుర్చీల ఉన్న పెద్దమనిషి దిక్కు తిరిగింది. "ఎక్కడి నుంచి వచ్చిన్రు?"

"ఆదిలాబాద్" అన్నడాయన. పేరు పర్శరాములు. అక్కడ ఆర్టీసీ డిపోల మెకానిక్. పక్కనున్నది బిడ్డ మమతారాణి. బొమ్మలు కదిలిచ్చే యానిమేషన్ చదువు నేర్చుకుంటుంది, ఆటలు కూడ ఆడ్తది. కరీంనగర్ల తక్కువకు దొరుకుతయని ఎవరో చెప్తే పొద్దున్నే బయలెల్లి వచ్చిన్రు.

"పైసలిచ్చిన్రా?"

"ఇస్తున్న ఇప్పుడే."

హర్షిణి తిరుపతి దిక్కు చూసింది. "వీళ్ల డబ్బా విప్పి చూపియ్యి. లోపల కొత్త కార్డు ఉంటె, నాది నేను తీస్కొని పోత. మళ్ల నీ దుకాణం మెట్లెక్క."

"నువ్వెవరు నాకు చెప్పెటందుకు?" తిరుపతి గొంతు మారింది. "ఆడపిల్లవని ఊకుంటున్న. సీలు విప్పితే వారంటీ పోతది అన్నా" అని పర్శరాములుకు చెప్పిండు.

పర్శరాములు పైసలు కొట్టెటందుకు తీసిన ఫోన్ మళ్ల జేబుల పెట్టుకున్నడు. "నీ ముందట, నీ చేతితోని విప్పితే సీలు ఎట్ల పోతది? నేను రోజు బస్సు ఇంజన్లు విప్పుత. విప్పి చూపియ్యనోని దగ్గర నేను బోల్టు కూడ కొన."

"గట్ల కాదన్నా, కంపెనీ రూలు."

"ఏ కంపెనీ? పేరు చెప్పు."

తిరుపతి బిల్లు పుస్తకం మూసిండు. దుకాణంల ఇంకో ఇద్దరు పిల్లగాండ్లు కీబోర్డులు చూసుడు ఆపి గల్లా దగ్గరికి వచ్చిన్రు, ఒకడు ఫోన్ల వీడియో తీసుడు మొదలువెట్టిండు. స్క్రూడ్రైవర్ బల్ల మీదనే ఉన్నది. తిరుపతి దాన్ని ముట్టుకోలే. పర్శరాములు తీసిండు. నాలుగు స్క్రూలు తిప్పి మూత పక్కకు పెట్టిండు. కార్డు స్క్రూల మీద వేలు పెట్టి రాసి చూసిండు.

"ఇది పదిసార్లు విప్పిన సామాను" అన్నడు. నంబర్ గీకిన దగ్గర మమతారాణి తన ఫోన్ లైటు వేసి పట్టుకున్నది.

తిరుపతి చెమట తుడుచుకున్నడు. "నాకు పైనుంచి గట్లనే వచ్చినయి. హైదరాబాదోడు నన్ను కూడ మోసం చేసిండు."

"నువ్వు ఒక్కటన్న విప్పి చూసినవా?" అన్నది హర్షిణి.

వీడియో తీస్తున్న పిల్లగాన్ని చూసి తిరుపతి ఫోన్ తీసిండు, ఇంట్ల ఉన్న మానిటర్‌వి పట్టుకొని మిగతా పైసలు వాపస్ కొట్టిండు. హర్షిణి తన ఖాతా నంబర్ చెప్తుంటే తల ఎత్తకుంటనే అన్నడు. "ఏ ఖాతాల నుంచి వచ్చినయో గా ఖాతాకే పోయినయి."

శ్రీహరి ఖాతాకు. అంటే గెలిచి కూడ హర్షిణి ఉత్త చేతులతోని దుకాణం దిగింది. పర్శరాములు మెట్ల కాడ ఆపి, అసెంబుల్ చేసుకుంటె ఏమేం కొనాలని అడిగిండు. ఆమె తన లిస్టు మమతారాణి ఫోన్‌కు పంపి, నంబర్ ఇచ్చింది.

బస్సు ఎక్కకముందే శ్రీహరి ఫోన్. "పదిమందిల వాని ఇజ్జత్ తీసినవట. వీడియో కూడ తీపిచ్చినవట. రేపు నేను ఊరికొస్తె వాని ముఖం ఎట్ల చూడాలె?"

"రెండు డబ్బాలల్ల పాత కార్డులే ఉన్నయి. గది చెప్పిండా వాడు?"

"వానికి కూడ తెల్వదట."

"నా పైసలు నాకు పంపు."

"పంపుత తియ్యి. ముందు నీ కోపం తగ్గనీ, తర్వాత మాట్లాడుకుందాం."

"నా కోపంతోని నీకేం పని? పైసలు పంపు."

శ్రీహరి ఫోన్ కట్ చేసిండు. వారమైనా పంపలే. హైదరాబాద్ పోటీకి జట్టు ఆమె జాగల ఇంకో పిల్లగాన్ని తీసుకున్నది. వాళ్లను తప్పు పట్టేదేం లేదు, ఆడనీకి ఆమెకు కంప్యూటర్ లేదు. పోటీ అయిన రోజు హర్షిణి ఫోన్ బంద్ చేసి, పొలం పోయి సాయంత్రం దాక బాపుతోని ఒడ్ల మీది గడ్డి చెక్కింది. శంకరవ్వ మాత్రం, "అన్నతోని గంత పంతమేంది బిడ్డా, రెండు మాటలు మంచిగ మాట్లాడు" అంటనే ఉన్నది. "గదే మాట ఆయనకు చెప్పు అవ్వా" అన్నది హర్షిణి.

ఇంకో వారానికి ఆదిలాబాద్ నుంచి పర్శరాములు ఫోన్ చేసిండు. లిస్టుల సామాన్లన్నీ వచ్చినయి. బస్సైతే విప్పి బిగిస్త గని గీ సన్న సామాను ముట్టుకోవాలంటె భయమైతుంది, వచ్చి అసెంబుల్ చేస్తవా అని అడిగిండు.

"నా చేతితోని ఎన్నడు చెయ్యలే. చదివిందే, చూసిందే" అని నిజమే చెప్పింది.

"తెల్వదని చెప్పెటోల్లే పైలంగ చేస్తరు. రా."

పొద్దున్నే బయలెల్లి, నిర్మల్ మీదికెల్లి ఆదిలాబాద్ చేరేసరికి పన్నెండు దాటింది. మమతారాణి తల్లి జొన్నరొట్టె, పచ్చిమిర్చి కారం పెట్టింది. ఇంట్ల ఆమె మాట సగం తెలుగు, సగం మరాఠీ. ఫ్యాను బంద్ చేసి, నేల మీద బట్ట పరిచి కూసున్నరు. సామానుతోని వచ్చిన పుస్తకం చూసి మమతారాణి ఒక్కొక్కటి చదువుతుంటే హర్షిణి బిగిస్తుంది. కంప్యూటర్‌కు మెదడు అసొంటి ప్రాసెసర్‌ను దాని జాగల పెట్టబోయింది. అన్న చెప్పిన మాట యాదికొచ్చింది, ఒక్క పిన్ను వంగిందంటె అంత ఖరాబే. చెయ్యి తీసి, చున్నీకి చెమట తుడుచుకొని, మళ్ల పెట్టింది. సరిగ్గ కూసున్నది.

మూడు గంటలకు స్విచ్ వేసిన్రు. ఫ్యాన్లు తిరిగినయి. తెర మీద ఏమీ రాలే. మమతారాణి ముఖం చిన్నబోయింది. పర్శరాములు చేతులు కట్టుకొని నిలవడ్డడు. హర్షిణి కరెంటు తీసి, మెల్లగ అన్నీ మళ్ల చూసింది. మెమొరీ పట్టీ ఒక దిక్కు పూర్తిగ దిగలేదు. టక్కుమనేదాక ఒత్తింది. మళ్ల స్విచ్ వేస్తే తెర వెలిగింది. ఆ రోజు మమతారాణి రెండు గంటలు ఆడింది, బొమ్మ ఒక్కసారి కూడ ఆగలే.

హర్షిణికి సంతోషమైంది గని, అన్న మీది కోపం మాత్రం అట్లనే ఉన్నది.

తెల్లారి వాపస్ వస్తుంటే శ్రీహరి ఫోన్ చేసిండు. ముచ్చట అవ్వ చెప్పినట్టున్నది.

"ఆదిలాబాద్ పోయి ఎవరికో అసెంబుల్ చేసిచ్చినవట. నడుస్తుందా?"

"నడుస్తుంది."

"నీ పైసలు పంపిన. నాయి కూడ పంపిన. నీ లిస్టు లెక్కనే తెచ్చుకో."

"ఒక్కటి చెప్పన్నా. ఫోటోలు పంపినంక కూడ నన్నెందుకు నమ్మలే?"

"తిరుపతి గట్ల చేస్తడనుకోలే."

"తిరుపతి గురించి అడుగుతలేను. నా గురించి అడుగుతున్న."

బస్సు మలుపు తిరిగింది. "నీకేం తెలుస్తది అనుకున్న" అన్నడు శ్రీహరి.

"ఎందుకనుకున్నవ్? నువ్వు చదవని లిస్టు నేను రాసిన. నువ్వు విప్పని డబ్బా నేను విప్పిన. మరి తెల్వంది ఎవలకు?"

సిగ్నల్ సరిగ్గ లేదని శ్రీహరి ఫోన్ పెట్టేసిండు. ఇంటికొచ్చినంక అన్న సగం అన్నకే వాపస్ పంపింది. తన సగంతోని ముందు అవసరమైన సామాన్లు తెచ్చి బిగించుకున్నది. గ్రాఫిక్స్ కార్డుకు ట్యూషన్ పైసలు జమకావాలంటె ఇంకో అయిదు నెలలు పట్టింది. అప్పటిదాక చిన్న ఆటలు ఆడుకున్నది. సుల్తానాబాద్‌ల ఇప్పుడు ఎవరన్న కంప్యూటర్ కొంటె ముందు హర్షిణిని పిలుస్తరు.

శ్రీహరి వారం వారం ఫోన్ చేస్తడు. వానలు, వడ్లు, బాపు నడుం నొప్పి అన్నీ మాట్లాడుతరు. పెట్టేసే ముందు హర్షిణి, "ఎందుకనుకున్నవో ఇంకా చెప్పలే" అంటది. "మళ్ల మాట్లాడ్త" అని ఆయన పెట్టేస్తడు.