బాగా అతికిన రెక్క

ముక్కలు అతికించి బొమ్మ విమానాల కిట్లు కట్టేవాళ్ళంతా ఆమెను భూతద్దం అనేవారు. కొత్తగా వచ్చిన ప్రతి ప్లాస్టిక్ విమానం కిట్‌నూ విప్పి చూసి, దాని మంచీచెడూ పత్రికలో రాయడం ఆమె పని. మొహమాటానికి ఒక్క ముక్క కూడా మెచ్చుకోదని పేరు. అందుకే అన్నయ్య తన కార్ఖానాలో మొదటిసారి అచ్చు పోయించిన కిట్‌ను స్వయంగా తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడు, ఆమెకు సంతోషం కన్నా ఇబ్బందే ఎక్కువైంది.

"అన్నయ్యని కదా అని వెనకాడకు. ఉన్నదున్నట్టు రాయి," అన్నాడు.

అడక్కుండానే ఆ మాట ఎందుకన్నాడా అనిపించింది.

జెట్ యుద్ధవిమానాలు పుట్టిన కొత్తలో ఎగిరిన రకం అది. పొట్టి ముక్కు, వెనక్కి వంగని తిన్నటి రెక్కలు. బూడిదరంగు ముక్కలు ఫ్రేములకు అంటుకుని ఉన్నాయి. రేకుల అతుకుల గీతలు వెంట్రుకంత సన్నగా వచ్చాయి. కాక్‌పిట్ మూత నీళ్ళంత తేటగా ఉంది. ముక్కు మాత్రం ఫొటోల్లో కన్నా కాస్త మొనదేలింది. అది రాసుకుంది. తర్వాత ఫ్రేము నుంచి రెక్కను తెంపి, జిగురు లేకుండానే విమానం ఒంటికి ఆనించి చూసింది. సందు లేదు. రెండో రెక్కా అంతే.

కొత్త కార్ఖానా, మొదటి అచ్చు, ఇంత బాగా అతకడమా? మెచ్చుకోవాల్సిన చోట ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. రెక్క మొదలును దీపం కింద ఏటవాలుగా పట్టుకుంది. మిగతా ప్లాస్టిక్ అంతా మసకగా ఉంటే, అక్కడ మాత్రం సన్నటి మెరుపు. ఎవరో బ్లేడుతో గీకి, గరుకు కాగితంతో రుద్దారు.

అన్నయ్యకు ఫోన్ చేసింది. "ఈ పెట్టె ఎవరు సర్దారు?"

"ఎవరో సర్దుంటారు. ఏం, ఏదైనా తగ్గిందా?"

"లేదు. ఊరికే అడిగా."

ఆమె ఊరికే అడిగే మనిషి కాదని అన్నయ్యకు తెలుసు. అయినా ఎందుకని అడక్కుండానే ఫోన్ పెట్టేశాడు. అనుమానానికి ఆజ్యం పోసినట్టయింది.

మర్నాడు చెప్పాపెట్టకుండా అన్నయ్య దుకాణానికి వెళ్ళింది. ముందు గది దుకాణం, వెనక కార్ఖానా. కరిగిన ప్లాస్టిక్ వాసన వీధిదాకా వస్తోంది. గల్లాపెట్టె దగ్గర వదిన కూర్చుని ఉంది.

"ఆ జెట్ కిట్ ఒకటివ్వు వదినా."

"మీ అన్నయ్య తెచ్చిచ్చారుగా?"

"ఇంకోటి కావాలి."

అల్మరాలో పెట్టెలు వరసగా పేర్చి ఉన్నా వదిన అటు చూడలేదు. వంగి బల్ల కిందనుంచి ఒకటి తీసింది.

"అది వద్దులే," అంటూ ఆమె అల్మరాలోంచి తానే ఒకటి లాగి అక్కడే విప్పింది. వదిన ఆపబోయి ఆగిపోయింది. రెక్క అంచుల వెంట ప్లాస్టిక్ పొరలా కారి గట్టిపడింది. ఒంటికి ఆనిస్తే గోరు దూరేంత సందు.

మాటలు విని అన్నయ్య చేతులు తుడుచుకుంటూ వెనక గదిలోంచి వచ్చాడు.

"నాకొకటి, జనానికొకటా అన్నయ్యా? నా కళ్ళకే గంతలు కడతావా?"

"ఏం మాట్లాడుతున్నావ్?"

సంచిలోంచి తన కిట్ రెక్క తీసి, రెండూ అతని చేతిలో పెట్టింది. చూసినకొద్దీ అతని ముఖం నల్లబడింది.

"ఆయన్ననకు. గీకింది నేను," అంది వదిన తలెత్తకుండా. "పెట్టెలు సర్దేది నేనేగా, మొదట్లోనే కనిపెట్టా. అచ్చు రెండు సగాలూ సరిగ్గా కూర్చోవట్లేదని ఈయనకి చెప్పా. అచ్చుకేం, నా కళ్ళకే చత్వారమన్నారు. నువ్వు పత్రికలో ఏకిపారేస్తే దుకాణం మూసుకోవాలని భయమేసింది."

"నాకెప్పుడు చెప్పావ్?" అన్నాడు అన్నయ్య.

"అన్నం తినేటప్పుడు."

"చెప్పలేదు."

"చెప్పాను."

భూతద్దం ఇద్దరి మొహాలనూ మార్చి మార్చి చూసింది. ఎవరి మాట నిజమో తేలలేదు.

అన్నయ్య అల్మరాలోని పెట్టెలన్నీ దించి వెనక గదిలోకి మోశాడు. వదిన సాయం పట్టబోతే వద్దనలేదు, ఆవిడ వైపు చూడనూ లేదు. అచ్చు బాగుచేయించేదాకా ఏమీ రాయొద్దని చెల్లెల్ని అడిగాడు. ఆమె సరేనంది.

కొన్నాళ్ళకు అన్నయ్య అచ్చు బాగుచేయించి కొత్త పెట్టె పంపాడు. ఆమె దాన్ని విప్పకుండానే వెనక్కి పంపి, ఊరవతల ఎవరిదో దుకాణంలో అదే కిట్ ఒకటి కొనుక్కుంది. రెక్కలు బాగానే కూర్చున్నాయి, ముక్కు ఇంకా సరికాలేదు. రెండూ రాసింది.

పత్రిక వచ్చిన రోజు వదిన ఫోన్ చేసింది. "ఇప్పుడైనా నమ్మావా?"

"కిట్‌నా, నిన్నా?" అని అడిగింది ఆమె.

వదిన నవ్వి ఫోన్ పెట్టేసింది.