పట్టినంత మాత్రాన

చనిపోయిన మామగారి పాత ట్వంటీటూ రకం చిన్న తుపాకిలోకి కొత్త తూటా సులువుగా దూరింది.

“చూశావా, అతికినట్టు పట్టింది. రేపు తోటలో పేల్చి చూస్తా,” అన్నారు మా ఆయన.

“పట్టడం వేరు, తట్టుకోవడం వేరండీ. ఇవి జోరు తూటాలు, లోపల ఒత్తిడి ఎక్కువ అని తుపాకులు బాగుచేసే ఆయన చెప్పాడుగా. అరిగిపోయిన గొట్టంలో తూటా అంచు చిట్లితే వేడిగాలి, రేకు ముక్కలు మీ కంట్లోకే వస్తాయట.”

“గోరంత తూటాకి కొండంత రాద్ధాంతం. నాన్న జీవితాంతం దీంతోనే పేల్చారు.”

“ఆయన పేల్చినవి నెమ్మది తూటాలు.”

మా ఆయన వినలేదు. నేను బీరువాలోంచి ఆయన పెళ్లినాటి కోటు తెచ్చి తొడుక్కోమన్నాను. తొడుక్కున్నారు. కష్టపడితే బొత్తాం కూడా పట్టింది.

“పట్టిందిగా. ఇప్పుడు గట్టిగా ఊపిరి పీల్చండి.”

పీల్చారు. బొత్తాం ఎగిరి వచ్చి నా కళ్లజోడుకు టంగుమని తగిలింది.

కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాను. ఆయన కాసేపు నా కంటికేసి చూశారు. తర్వాత తుపాకిలోంచి తూటా తీసేసి, “బొత్తాం ఎటు పడిందే?” అంటూ మంచం కిందికి వంగారు.