నా నోట్లో అగరొత్తి

నేను ఒక గొట్టాన్ని. జానెడు పొడుగు, చిటికెన వేలంత లావు ఉన్న ఇత్తడి గొట్టాన్ని. నవ్వాలనుకుంటే ఇప్పుడే నవ్వేయండి, తర్వాత కుదరదు. విమానం తన కథ చెప్పుకుంటే మీరు చెవులు నిక్కబొడుచుకుంటారు. ఇంజను చెప్పుకున్నా వింటారు. గొట్టం నోరు విప్పితే మాత్రం మీకు ఎక్కడలేని పనులు గుర్తొస్తాయి. అయినా చెబుతాను. గాలికి ఎదురుగా నోరు తెరుచుకుని నిలబడటానికే నన్ను పుట్టించారు, కాబట్టి మొహమాటం నాకు చేతకాదు.

విమానం రెక్క ముందు నేనుంటాను. విమానం ముందుకు దూకినప్పుడు ఎదురుగాలి నా నోట్లోకి తోసుకొస్తుంది. ఆ ఒత్తిడి సన్నటి పైపు గుండా పైలట్ ముందున్న డయల్‌కు చేరుతుంది, అక్కడ ముల్లు తిరిగి వేగం చూపిస్తుంది. అంతే నా ఉద్యోగం. ఇంతేనా అనకండి. విమానాన్ని గాలిలో నిలబెట్టేది వేగమే. అది ఒక హద్దు దాటి తగ్గిందంటే రెక్కలకు పట్టు జారిపోతుంది, విమానం కింద పడుతుంది. ఆ హద్దుకు ఎంత దూరంలో ఉన్నారో చెప్పేది నేనే.

మనిషి ఎగరడానికి పడ్డ పాట్లు మా వంశంలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం. చేతులకు ఈకలు కట్టుకుని గోపురాల మీంచి దూకి కాళ్లు విరగ్గొట్టుకున్నారు. తర్వాత గుడ్డ సంచిలోకి పొగ ఎక్కించి, దాని కింద బుట్టలో ముందు ఒక గొర్రెను, ఒక బాతును, ఒక కోడిపుంజును కూర్చోబెట్టి పంపారు. అవి క్షేమంగా దిగాకగాని మనుషులకు ధైర్యం రాలేదు. ఆ తర్వాత కొండల మీంచి జారారు, చివరికి సైకిళ్లు బాగుచేసుకునే అన్నదమ్ములిద్దరు ఇంజను పెట్టి కొన్ని క్షణాలు గాలిలో నిలబడ్డారు. ఎంత వేగంతో ఎగురుతున్నామో తెలుసుకోకుండానే చాలామంది ఎగిరారు, చెంపకు తగిలే గాలిని బట్టి అంచనా వేసుకున్నారు, అంచనా తప్పినవాళ్లు పోయారు. అప్పుడుగాని మేం గుర్తుకు రాలేదు. మా మూలపురుషుడు మాత్రం వీళ్లందరికన్నా పాతవాడు. ఫ్రాన్సులో ఒక ఇంజనీరు నది ఎంత వేగంగా పారుతోందో చూడటానికి వంచిన గొట్టాన్ని నీళ్లలో ముంచాడు. నీళ్లకు పనికొచ్చింది గాలికీ పనికొస్తుందని తెలుసుకోవడానికి మనుషులకు అన్నేళ్లు పట్టింది.

నేను యుద్ధం రోజుల్లో ఇంగ్లండులో పుట్టాను. మగవాళ్లు యుద్ధానికి పోతే కర్మాగారంలో ఆడవాళ్లే నన్ను కోశారు, అతికారు, పాలిష్ పెట్టారు. యుద్ధం అయ్యాక నాలాంటి సరుకు తేరగా మిగిలిపోయింది. రెండు అంతస్తుల రెక్కలున్న ఒక పాత శిక్షణ విమానంతోపాటు నేనూ ఓడెక్కి, కృష్ణా తీరంలో తాటిమెట్ట అనే ఊరి బయట ఉన్న ఫ్లయింగ్ క్లబ్బుకు చేరాను.

అక్కడ పైలట్ మాస్టారు సోలమన్ గారు. ఆయనకూ నాకూ మొదటి రోజు నుంచీ పడదు. నన్ను నమ్మొద్దని శిష్యులకు నూరిపోసేవాడు. మా విమానం పై రెక్కకూ కింది రెక్కకూ మధ్య ఉక్కు తీగలు బిగించి ఉంటాయి. వేగం ఉంటే అవి ఈల వేస్తాయి, తగ్గితే గొంతు తగ్గిస్తాయి. ఆయన డయల్‌కు తన చేతిరుమాలు కప్పి, ‘తీగలు పాడుతున్నంతసేపూ బతికున్నట్టే. మూగబోయాయా, ముక్కు దించు’ అని నేర్పేవాడు. నాకు ఒళ్లు మండేది. అంకెలతో సహా నిజం చెప్పే నేనుండగా ఈ ఈలలేమిటి?

ఆయన శిష్యుల్లో తాయారు ఒకతె. ఊళ్లో ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరు. సెలవు దొరికిన ప్రతి రోజూ సైకిలు తొక్కుకుంటూ వచ్చేది, చీర కొంగు నడుముకు బిగించి పైన తోలు కోటు వేసుకునేది. క్లబ్బు కార్యదర్శి రామబ్రహ్మం గారికి ఆ కోటూ నచ్చలేదు, ఆ సైకిలూ నచ్చలేదు. కమిటీలో తాయారు సంగతి వచ్చినప్పుడల్లా ఆయన ఒకటే మాట అనేవాడు. ఈ అమ్మాయికి ఒక్కసారి పరీక్ష పెడదాం, తప్పితే ఇక క్లబ్బులో ఆడవాళ్ల ఊసెత్తొద్దు అని. కమిటీ తలూపింది. తాయారుకు ఉన్నది ఆ ఒక్క పరీక్షే. దసరా మర్నాడని ముహూర్తం కూడా ఆయనే పెట్టాడు.

దసరా రోజు ఆయుధపూజ. రామబ్రహ్మం గారు పట్టుపంచె కట్టుకుని వచ్చి ఇంజనుకు బొట్టు పెట్టాడు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాడు, గుమ్మడికాయ కొట్టించాడు. అంతా అయ్యాక వెలిగించిన అగరొత్తి ఎక్కడ గుచ్చాలా అని చుట్టూ చూశాడు. రెక్క ముందు నేను కనిపించాను. అగరొత్తి కోసమే చేసినట్టు నాకు సరైన సైజు రంధ్రం. దేవుడే అమర్చిపెట్టాడని మురిసిపోయి నా నోట్లో గుచ్చాడు. అది ఊగుతోందని చుట్టూ గంధం ముద్ద కూరాడు కూడా. నాకు కోపంతో ఊపిరాడలేదు. కోపం లేకపోయినా ఆడేది కాదనుకోండి.

సాయంత్రం ఎవరో మిగిలిన పుల్లను లాగి పారేశారు. అది సగంలో విరిగింది. లోపలి ముక్క గంధంతోపాటు నా గొంతులోనే ఎండి బిగుసుకుపోయింది. మర్నాడు పొద్దున తాయారు విమానం చుట్టూ తిరిగి అన్నీ తడిమి చూసుకుంది, తలెత్తి నన్నూ చూసింది. పైకి నా నోరు ఖాళీగానే కనిపించింది.

పరీక్ష ఇదీ. ఒంటరిగా ఎగిరి, మైదానం పైన ఎనిమిది అంకె ఆకారంలో తిరిగి, సున్నంతో గీసిన గీత దగ్గర దిగాలి. మద్రాసు నుంచి వచ్చిన పరీక్షాధికారి కింద కుర్చీలో కూర్చుని చూస్తుంటాడు. తాయారు విమానాన్ని పరుగెత్తించింది. ఆ సమయంలో చూపు రన్‌వే చివరన ఉండాలని సోలమన్ నేర్పాడు కాబట్టి డయల్ వంక చూడలేదు. చూసి ఉంటే ముల్లు సున్నా మీద పడుకుని కనిపించేది.

గాలిలోకి లేచాక అసలు గొడవ మొదలైంది. నా గొంతులో నేల మీది గాలి బందీ అయిపోయింది. పైకి పోయేకొద్దీ బయటి గాలి పలచబడింది, లోపలిది మాత్రం అలాగే ఉంది. ఆ తేడానే వేగమనుకుని ముల్లు పైకి పాకింది. మా ముసలి విమానం కలలో కూడా అందుకోలేని వేగం చూపించింది. నేను అబద్ధం చెప్పానని మీరంటే ఒప్పుకోను. నా నోరు మూసింది మీవాళ్లు. మూసిన నోటికి మాటలు అంటగట్టింది ఆ డయల్.

వేగం మరీ ఎక్కువైతే ముక్కు పైకెత్తి తగ్గించాలి. తాయారు ఎత్తబోయింది. తీగల ఈల సన్నబడింది. ఇంకొంచెం ఎత్తితే రెక్కలు పట్టు వదిలేవి. ఒక వంక ముల్లు, ఒక వంక ఈల. ఆమె ఈల మాటే విని ముక్కు దించింది. తీగలు మళ్లీ పాడాయి. జీవితంలో మొదటిసారి వాటి పాట నాకు ముద్దొచ్చింది.

ఆమె అప్పుడే దిగిపోయి ఉండొచ్చు. కానీ దిగితే పరీక్ష పోయినట్టే, రెండో పరీక్ష లేదు. ముల్లు వైపు మళ్లీ చూడకుండా ఎనిమిదులన్నీ చుట్టింది. నేలకు దగ్గరపడేసరికి ముల్లు సున్నాకు జారి, పడిపోతున్నావు, పడిపోతున్నావు అంటోంది. ఆమె పట్టించుకోలేదు. విమానం గీతకు కాస్త అవతల నేలను తాకింది.

దిగి డయల్ సంగతి చెప్పింది. రామబ్రహ్మం గారు అందరికీ వినపడేలా నిట్టూర్చి, కంగారులో ముల్లు సరిగ్గా చూసుకోలేదన్నాడు. తాయారు నేరుగా నా దగ్గరకు వచ్చింది. మునివేళ్ల మీద నిలబడి నా నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది.

“అగరొత్తి వాసనొస్తోంది సార్,” అంది.

నిన్న అగరొత్తి గుచ్చిన చెయ్యి ఎవరిదో అక్కడ అందరికీ తెలుసు. పరీక్షాధికారి కూడా వచ్చి వాసన చూశాడు. రామబ్రహ్మం గారు మాత్రం తడబడలేదు.

“పూజ చేశాం కాబట్టే అమ్మవారి దయ వల్ల బతికి బయటపడింది. దయకు లైసెన్సు ఇవ్వరు గదండీ,” అన్నాడు.

పరీక్షాధికారి ఆలోచనలో పడ్డాడు. అదృష్టంతో దిగిందో, విద్యతో దిగిందో ఆయన మాత్రం ఎలా చెప్పగలడు? అంతా చేజారిపోతోందని నాకర్థమైంది. చేజారేది ఆమె ఒక్కదాని లైసెన్సు కాదు, ఆ క్లబ్బు గేటు దాటి రాబోయే ఆడపిల్లలందరిదీ. నాకు మాత్రం నోరు పూడుకుపోయి ఉంది.

తాయారు తోలు టోపీ మళ్లీ బిగించుకుంది.

“అయితే ఆ డయల్‌కు గుడ్డ కట్టండి సార్. మళ్లీ వెళ్లొస్తాను. అమ్మవారు ఒక్క పూటలో రెండుసార్లు దయ చూపిస్తారేమో చూద్దాం.”

పరీక్షాధికారి సోలమన్ వంక చూశాడు. సోలమన్ జేబులోంచి చేతిరుమాలు తీసి, డయల్‌కు కట్టి వచ్చాడు. ఆమె వెళ్లింది. తీగలు వింటూ ఎనిమిదులు చుట్టింది, ఈసారి చక్రాలు సరిగ్గా సున్నం గీత మీద ఆనాయి. తెల్లటి పొడి లేచి రామబ్రహ్మం గారి పంచె మీద పడింది. అధికారి అక్కడే, విమానం రెక్క మీదే కాగితం పెట్టి సంతకం చేశాడు.

నేను లేకుండానే ఎగిరిందని నాకు కష్టం కలగలేదా? కలిగింది. కానీ ఆ మధ్యాహ్నం ఆమె సన్నటి తీగతో నా గొంతులోని పుల్లముక్కను, గంధాన్ని గీకి తీసి, నన్ను తుడిచి గాలివైపు తిప్పి, “ఇక నువ్వు చెప్పు” అంది. ఆ మాటతో కష్టం పోయింది. మరుసటి దసరాకు ఎర్రటి జాకెట్టు గుడ్డతో నాకు ఒక టోపీ కుట్టి తొడిగింది. రామబ్రహ్మం గారు ఆ టోపీకి బొట్టు పెట్టి ఊరుకున్నాడు. ఆ యేడు ఇంకో ఇద్దరమ్మాయిలు చేరారు.

తర్వాత క్లబ్బు మూతపడింది. విమానాన్ని విడగొట్టి అమ్మారు. ఇప్పుడు జెట్లు వచ్చాయి, మబ్బుల పైన ఎగురుతున్నాయి. వాటికీ ముక్కు పక్కన మావాళ్లే నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. గడ్డకట్టే చలిలో నోరు పూడుకుపోకుండా లోపల వేడి పెడతారట, అంత మర్యాద. మీరు మాత్రం మెట్ల దగ్గర ఫొటో దిగి లోపలికి పోతారు, వాళ్ల వంక తలెత్తి చూడరు.

నేను ఉన్నది విజయవాడలో పాత ఇనప సామాన్ల కొట్టులో. కొట్టు యజమాని రోజూ పొద్దున్నే షట్టరు ఎత్తి, గుమ్మం పక్కన మేకుకు కట్టిన నా నోట్లో అగరొత్తి గుచ్చి, పటానికి దణ్ణం పెట్టుకుంటాడు. మీ జాతికి నా నోరు చూస్తే ఇంకేమీ తోచదు కాబోలు. అది కాలి, పుల్ల మిగులుతుంది. రోడ్డు మీద లారీ ఒకటి దూసుకుపోతే ఆ విసురుకు పుల్ల రాలిపోతుంది. నా వెనక పైపు తెగిపోయి చాలా కాలమైంది, నా మాట అందుకునే ముల్లు లేదు. అయినా ఆ లారీ ఎంత గాలి లేపిందో ప్రతిసారీ చెబుతాను. రేపు ఆయన మళ్లీ గుచ్చుతాడు. గుచ్చనివ్వండి. నా మొహం రోడ్డు వైపే ఉంది, గాలి వచ్చేది అటునుంచే.