బోరిక్ పౌడరు మీద బుల్లి రైలు

నేను ఒక క్యారమ్స్ బోర్డును. నెత్తిన రైలు పట్టాలు కనిపిస్తున్నాయి కదా అని బొమ్మల బల్ల అనుకునేరు, ఊరుకోను! విజయనగరంలో నన్ను తయారుచేసిన వడ్రంగి నాలుగు వైపులా అంచులు బిగించి, మూలల్లో చిల్లులు కోసి, వాటి కింద వలలు కట్టి, చివరికి అరచేత్తో ఒళ్లంతా నిమిరి "అద్దంలాగుందిరా" అని మురిసిపోయాడు. ఆ మాటకు ఉబ్బిన ఉబ్బు నాకు ఇంకా దిగలేదు.

మొదట ఒక యువజన సంఘంలో ఉన్నాను. మనుషులంటే ఏమిటో అక్కడే తెలిసింది. గురి తప్పినవాడు ఒక్కడైనా తన వేలిని తిట్టుకోగా నేను చూడలేదు. బోర్డు వంకరగా ఉందనేవాడు ఒకడు, పౌడరు సరిగ్గా చల్లలేదనేవాడు ఇంకొకడు, సరిగ్గా కొట్టబోయేసరికి పక్కవాడు దగ్గాడనేవాడు మరొకడు. సంఘం కాస్తా కొట్టుకుని రెండుగా చీలిపోయాక, ఏ పక్షానికీ అక్కర్లేని నేను టెక్కలిలో దాలినాయుడి వరండాలో వచ్చి పడ్డాను. పడ్డాను అంటున్నాను గానీ, నా అదృష్టం పండింది అక్కడే.

దాలినాయుడు కొండల కిందికి నడిచే చిన్న రైలుకు డ్రైవరు. ఆ బండికి గార్డు తవిటయ్య. ఆ బుల్లి పట్టాలు పీకేసి పెద్ద పట్టాలు వేశారు. వీళ్లిద్దరూ రిటైరయ్యారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఒకడు బండికి ముందు, ఒకడు బండికి చివర. తవిటయ్య పచ్చ జెండా ఊపితేనే దాలినాయుడు బండి కదపాలి, అది రైలు రూలు. అందుకని వాళ్ల మాటలన్నీ జెండాతోనూ కూతతోనూ అయిపోయేవి. ఎదురెదురుగా కూర్చుని కబుర్లాడుకోవడానికి పాపం రిటైరవ్వాల్సి వచ్చింది! రోజూ సాయంత్రం నాకు ఆ పక్కొకరు, ఈ పక్కొకరు చేరి, ఒక్క తెల్ల కాయిన్ కోసం చిన్నపిల్లల్లా దెబ్బలాడుకునేవారు.

ఒకరోజు విశాఖ నుంచి దాలినాయుడి కూతురు ఒక అట్టపెట్టె పంపింది. విప్పితే వేలెడంత ఇంజను, నాలుగు బోగీలు, చివర తగిలించే గార్డు బోగీ, ఎటు వంచితే అటు వంగే సన్నని పట్టాలు, ఒక బ్యాటరీ. రెండు పట్టాల మధ్య చిటికెన వేలు పడితే గొప్ప. దాలినాయుడి కళ్లు చెమర్చాయి. "మన బండేరా తవిటీ!" అని వీధంతా వినబడేలా అరిచాడు. మరి దాన్ని ఎక్కడ పరవాలి? మంచం మీదంటే భార్య గున్నమ్మ ఒప్పుకోలేదు. నేల మీదంటే ఇద్దరి మోకాళ్లూ ఒప్పుకోలేదు. అప్పుడు ఇద్దరూ కలిసి నా వంక చూశారు. నా గుండె గుభేలుమంది.

ప్లాను కాగితం మీద గీయలేదు మావాళ్లు. నా మీద బోరిక్ పౌడరు పల్చగా చల్లి, చూపుడువేలితో పట్టాల దారి గీసేవారు. నచ్చకపోతే అరచేత్తో చెరిపేసి మళ్లీ గీసేవారు. నాకు ఒకటే చక్కిలిగింతలు! కొండ ఇక్కడ అని ఒకడు, వంతెన అక్కడ అని ఇంకొకడు. ముందుగా నా నడుమనున్న గుండ్రం చుట్టూ దారి ఖాయం చేశారు. మేకులు కొట్టకుండా ఉత్తినే పట్టాలు పరిచి, ఇంజను పెట్టారు. తవిటయ్య తుండుగుడ్డ ఊపాడు. దాలినాయుడు స్విచ్చి నొక్కాడు. మలుపు మరీ ఇరుకు కదా, ఇంజను పట్టా తప్పి, పౌడరు మీద జర్రున జారి, తిన్నగా మూల చిల్లులో పడింది.

"రెడ్డు పడిపోనాది! కవరెవుడేస్తాడు?" అని తవిటయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. రెడ్ కాయిన్ వేసినవాడు వెంటనే ఇంకో కాయిన్ వేసి కవరు చేస్తేనే అది దక్కేది, మా ఆటలో అంతే. దాలినాయుడు వలలోంచి ఇంజన్ని తీసి, పసిబిడ్డకు మూతి తుడిచినట్టు తుడిచాడు. నవ్వు మాత్రం తనకీ ఆగలేదు.

తర్వాత దారిని అంచుల దాకా జరిపి పెద్ద గుండ్రం గీశారు. చాలా బాగా కుదిరింది. గొడవ అక్కడే మొదలైంది. తవిటయ్య గీత పక్కన ఒక అగ్గిపెట్టె పెట్టి "ఇది టేసను" అన్నాడు. దాలినాయుడు తీసేశాడు. ఆయన మళ్లీ పెట్టాడు, ఈయన మళ్లీ తీసేశాడు.

"ఒరే, ముప్పయ్యేళ్లు నీ జెండా కోసం ఎనక్కి తిరిగి తిరిగి నా మెడ పట్టీసినాది. ఇప్పుడైనా ఆపకుండా తోలనీరా," అన్నాడు దాలినాయుడు.

"ఆగకపోతే అది బండేటి బావా? బొంగరం. ఎక్కీవోలు నేరు, దిగీవోలు నేరు!"

"నా ఇల్లు, నా బండి, నా ఇష్టం."

నోరు జారింది. తవిటయ్య ముఖం మాడిపోయింది. "మరైతే నీ బండి నువ్వే తోలుకో," అని, చెప్పులైనా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్లిపోయాడు.

ఆ తర్వాత సాయంత్రాలు వెలవెలబోయాయి. దాలినాయుడు ఒక్కడే కూర్చుని నాకు బుల్లి మేకులు కొట్టాడు. ఇంక నా మీద కాయిన్ జారదని నాకు తెలిసిపోయింది. బాధ లేదంటే అబద్ధం. అంతకంటే ఆ వరండాలో నవ్వు వినబడకపోవడం నాకు దిగులుగా ఉండేది.

పట్టాలు పూర్తయ్యాయి. ఉన్న బోగీలన్నీ తగిలించాడు. స్విచ్చి మీద బొటనవేలు పెట్టి, అలవాటుగా మెడ తిప్పి వెనక్కి చూశాడు. వెనకాల నీళ్ల డ్రమ్ము తప్ప ఏమీ లేదు. వేలు తీసేశాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

"బేటరీ బండికి గార్డేటయ్యా? నొక్కీ!" అంది గున్నమ్మ.

"జెండా ఊపకుండా బండి తీసీత్తారేటే? నా సర్వీసులో ఒక్కపాలి తియ్యనేదు," అని ఆవిడ మీద కయ్యిమన్నాడు. జెండాలే వద్దని దెబ్బలాడిన మనిషి మరి! వీళ్లని ఏమనాలో నాకు తెలియదు.

గున్నమ్మ ఇక చూడలేకపోయింది. ప్రహరీ దగ్గరికి వెళ్లి, ఎదురింటి తవిటయ్యకు వినబడేలా కేకేసింది. "తవిటయ్యా! మీ బావ నీ కోసం ఎనక్కి సూసుకోని కూకున్నాడు. మెడ అలగే ఉండిపోద్దేమో, బేగి రా!"

ఆ కేక కోసమే కాచుకున్నట్టున్నాడు, లుంగీ ఎగ్గట్టుకుని పరుగున వచ్చాడు. చేతిలో రెండు జెండాలు. ఇస్త్రీ కూడా చేయించాడు, ఎప్పుడు చేయించాడో!

"ఇంకా తియ్యనేదా?" అన్నాడు.

"నువ్వు ఊపందే ఎలగ తీత్తానురా?"

"మరి ఆగుతాదా?"

"నువ్వు ఎర్ర జెండా ఎక్కడ సూపిత్తే అక్కడ ఆగుతాది. అదే టేసను."

తవిటయ్య నిటారుగా నిలబడి పచ్చ జెండా విప్పి ఊపాడు. దాలినాయుడు నోటితోనే పెద్దగా కూత వేసి స్విచ్చి నొక్కాడు. బండి కదిలింది! అబ్బ, ఆ చక్రాలు నా వీపు మీద గిలిగింతలు పెడుతూ పోతుంటే, ఇన్నేళ్లూ కాయిన్ల దెబ్బలు తిన్నందుకు ఇది బహుమానం అనిపించింది. గుండ్రం దారిలో ముందేది, వెనకేది? గార్డు బోగీ చుట్టూ తిరిగొచ్చి ఇంజనుకు ముందే పోతోంది.

"సూసినావా బావా? ఇన్నేళ్లూ నీ ఎనకాల పొగ తిన్నాను. ఇయ్యేల నానే ముందు!" అని తవిటయ్య గంతులేశాడు.

బండి తిరుగుతూనే ఉంది. ఇప్పుడో ఇంకాసేపట్లోనో ఎర్ర జెండా లేస్తుందని దాలినాయుడు ఓరకంట చూస్తున్నాడు. తవిటయ్య దాన్ని చుట్టి చంకలో పెట్టుకున్నాడు, తీయడం లేదు. గున్నమ్మ టీ తెచ్చింది. "ఆపండి, సల్లారిపోతాది," అంది.

"ఉండప్పా," అన్నాడు తవిటయ్య, అక్క వరసైన గున్నమ్మతో మెల్లిగా. "ఆపకుండా తోలాలని బావకి ఆశ. తోలనీ."

దాలినాయుడు ఇంకొన్ని చుట్లు తిప్పాడు. తర్వాత ముక్కు ఎగబీల్చి, బండి మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "ఒరే తవిటీ, ఎర్ర జెండా సూపరా. ఎవులో సెయ్యెత్తినట్టున్నారు."

తవిటయ్య నా వంక చూశాడు. పట్టాల పక్కన కాస్త పౌడరు తప్ప ఎవరూ లేరు. గబగబా జెండా విప్పి పైకెత్తాడు. బండి ఆగింది. ఎక్కేవాళ్లు ఎక్కేదాకా ఇద్దరూ ఓపిగ్గా కాచుకున్నారు.