పుట్టింటి గాటు

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఉన్న జిరాక్సు అంగడిలో ప్రమీలారాణికి పదకొండు రోజులుగా ఒకటే పని. చిన్నాయన జనార్దనయ్య రాసిన వంశచరిత్రను టైపు కొట్టడం. మధ్యలో ఆధార్ కార్డు పట్టుకుని వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు, పాసుబుక్కు కాపీలకు వచ్చేవాళ్లు నిలబడే ఉంటారు. ఇవన్నీ ఒక ఎత్తు, చిన్నాయన ఒక ఎత్తు. హెడ్మాస్టరుగా రిటైరై పదేండ్లు దాటినా ఆయన చేతిలో ఎర్రసిరా పెన్ను మాత్రం ఇంకా రిటైరు కాలేదు. కొట్టిన ప్రతి పేజీ మీదా గీతలు పెట్టి, సాయంత్రానికి బల్ల మీద పెట్టి పోతాడు. సొంత చిన్నాయన కాబట్టి సరిపోయింది, ఇంకెవరైనా అయితే ప్రమీల ఆ పెన్ను ఎప్పుడో విసిరేసుండేది.

సోమవారం పొద్దున అరవై మూడో పేజీకి వచ్చింది. అప్పటికి కామయ్య తాత గురించి ఇరవై పేజీలు అయినాయి. తాత ఎంత మంద మేపినాడో, ఏ ఏడు పంచాయతీ మెంబరుగా గెలిచినాడో, ఎవరెవరి తగాదాలు తీర్చినాడో అన్నీ ఉన్నాయి. తాత సైకిలుకు కూడా అర పేజీ దక్కింది. దాని కింద ఒక్క లైను.

"కామయ్య గారి భార్య దేవకమ్మ. సామాన్య గృహిణి."

ప్రమీల వేళ్లు ఆగిపోయినాయి. తర్వాత ఏమైనా ఉందేమోనని కాగితం తిప్పి చూసింది. తర్వాత బోరుబావి. బోరు ఎన్ని అడుగులకు పడింది, ఎప్పుడు ఎండింది, మళ్లీ ఎక్కడ వేసినారు, అంతా వివరంగా పేజీన్నర!

ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగినాయి, ఆ వెనకే కోపం ముంచుకొచ్చింది. దేవకమ్మ ఎవరో పోయిన తరాల మనిషి కాదు. ఉదయగిరిలో ప్రమీల తమ్ముడు పెంచలప్రసాద్ ఇంట్లో ఎనభై ఎనిమిదేండ్ల వయసులో దిట్టంగా ఉంది. అమ్మ పోయినాక ప్రమీలను సాకింది ఆ అవ్వే. టెన్త్ తప్పి మూలన కూర్చుని ఏడుస్తుంటే, "తప్పితే మళ్లీ రాస్తావు, దానికి పీనుగ లేసినట్టు ఆ ఏడుపేంది?" అని జడ పట్టుకుని లేపింది. అట్లాంటి మనిషికి రెండు ముక్కలా? రాసినవాడు ఎవరో పరాయివాడైతే సరే అనుకోవచ్చు. ఆమె కడుపున పుట్టిన కొడుకే కదా!

జనార్దనయ్య పదిగంటలకు గొడుగు ఊపుకుంటూ వచ్చినాడు. ప్రమీల స్క్రీను ఆయన వైపు తిప్పింది.

"చిన్నాయనా, అవ్వ గురించి ఇంతేనా?"

ఆయన కళ్లద్దాలు సర్దుకుని చూసినాడు. "తప్పేముండాది అందులో? గృహిణికి వట్రసుడి సరిగ్గానే పడింది గదా."

"వట్రసుడి సంగతి కాదు. బోరుబావికి పేజీన్నర, కన్నతల్లికి ఒక లైనా?"

"చరిత్ర అంటే ఆధారం ఉండాలమ్మా." గొంతులో క్లాసు రూము వచ్చేసింది. "మా నాయనకు పట్టాలుండాయి, పంచాయతీ మినిట్సు ఉండాయి, ఫోటో ఉండాది. మా అమ్మకు రేషను కార్డు తప్ప ఏముండాది? ప్రేమ ఉండాది గదా అని కల్పించి రాస్తే అది చరిత్ర కాదు, భజన. నువ్వు ఒక్క ఆధారం తీసుకురా, రాస్తా. కానీ రేపటి లోపల తేవాల. బుధవారం నెల్లూరు ప్రెస్సుకు పోతుండాది. ఆదివారం ఉదయగిరిలో చుట్టాలందరి ముందర విడుదల."

"తెస్తా," అనింది ప్రమీల, ఏం తేవాలో తెలియకుండానే. పదకొండు గంటలకు అంగడి షట్టరు కిందికి లాగి ఉదయగిరి బస్సెక్కింది. అవ్వకు చూపిద్దామని ప్రెస్సువాళ్లు పంపిన అట్ట నమూనా సంచిలో పెట్టుకుంది. ఆ అట్ట చిన్నాయన గర్వం. పైన బంగారు రంగులో "కామయ్య గారి వంశచరిత్ర" అని, మధ్యలో గొర్రె చెవి బొమ్మ. ఎడమ చెవి కొస చేపతోక మాదిరిగా రెండుగా చీలి ఉంటుంది. మందలు ఒకదానిలో ఒకటి కలిసిపోతే ఎవరి గొర్రె ఏదో తెలియడానికి ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో రకంగా చెవికి గాటు పెడతారు. ఆ చేపతోక గాటు తమ ఇంటిది. దానికి చిన్నాయన "వంశచిహ్నం" అని పేరు పెట్టినాడు.

ఉదయగిరిలో దిగేసరికి కొండ మీద ఎండ నిప్పులు చెరుగుతోంది. పెంచలప్రసాద్ మందను ఎండకు వెనక్కి తోలుకొచ్చి దొడ్లో నిలిపినాడు. పొట్టేళ్లు కొనడానికి వచ్చిన దస్తగిరి ఒక్కొక్కదాని వెన్ను నొక్కి చూస్తున్నాడు. డెబ్బై అయిదేండ్ల మనిషి, ఈ పడమటి పల్లెల్లో ఆయన చెయ్యి పడని మంద లేదు. అవ్వ వేపచెట్టు నీడలో మంచం మీద కూర్చుని ఉలవలు చెరుగుతోంది.

"అవ్వా, నీ గురించి పుస్తకంలో రాయాల. ఏదైనా చెప్పు," అని మంచం మీద కూలబడింది ప్రమీల.

"నా గురించి ఏముండాది చెప్పేదానికి? పొద్దున లేసినా, పని చేసినా, పండుకున్నా. ఎనభై ఎనిమిదేండ్లూ అంతే. రాసుకో."

"అట్లంటే ఎట్ల? ఆలోచించి చెప్పు."

"ఆలోచించే చెప్పినా. అన్నం తిన్నావా లేదా ముందు అది చెప్పు."

ప్రమీలకు ఏడుపొక్కటే తక్కువ. బస్సు చార్జీ దండగ అయినట్టే అనుకుంటూ అట్ట తీసి మంచం మీద పెట్టింది. నీళ్లు తాగడానికి వచ్చిన దస్తగిరి కన్ను దాని మీద పడింది. చెంబు దించకుండానే వంగి చూసి, పకపకా నవ్వినాడు.

"ఇదేంది పాపా, కామయ్య మామ పుస్తకం మీద కలిగిరోళ్ల గాటు ఏసినారే?"

"మా గాటే గదా ఇది?" అన్నాడు దొడ్లోనించి పెంచలప్రసాద్. "నాకు బుద్ధి తెలిసినకాడి నుంచి ఇదే."

"నీకు బుద్ధి తెలిసింది మొన్న అబ్బయ్యా. కామయ్య మామ గాటు కుడి చెవికి, కింద అంచున అర్ధచంద్రం మాదిరి ముక్క తీసేవోళ్లు. మా నాయన వెంట తిరిగేటప్పుడు ఎన్ని చూడలేదు! ఈ చేపతోక దేవకమ్మక్క పుట్టింటోళ్లది. కావాలంటే అక్కనే అడగండి."

ముగ్గురూ అవ్వ వైపు తిరిగినారు. అవ్వ చేటలో ఉలవలు ఒకసారి ఎగరేసి, పొట్టు ఊది, "అవును, మాదే," అనింది.

ప్రమీల వదల్లేదు. పక్కన చేరి, గడ్డం పట్టుకుని, బతిమాలి, విసుక్కుని, ముక్కలు ముక్కలుగా రాబట్టింది. జనార్దనయ్య ఆత్మకూరు హాస్టల్లో ఆరో తరగతి చదివే ఏడు మందకు నాలుకలు నీలబడే రోగం తగిలిందట. మూడు వారాల్లో దొడ్డి ఊడ్చిపెట్టుకుపోయింది. కామయ్య ఖాళీ దొడ్డి ముందర కూర్చుని అన్నం ముట్టలేదు. అవ్వ నాలుగు రోజులు చూసి, అయిదో రోజు పుట్టింటికి నడిచిపోయింది. పన్నెండు గొర్రెలను తోలుకుని వింజమూరు మీదుగా మూడు రోజులు నడిచి వచ్చింది. దారిలో ఒకటి ఈనితే ఆ పిల్లను కొంగులో వేసుకుని మోసింది.

"ఇదిగో, ఈ మంద అంతా ఆ పన్నెండిటి సంతానమే," అనింది అవ్వ, గడ్డంతో దొడ్డి వైపు చూపించి.

దస్తగిరి చెంబు కింద పెట్టినాడు. "అసలు సంగతి నేను చెప్తా విను పాపా. పుట్టింటి నించి తోలుకొచ్చిన గొర్రె ఆడమనిషి సొత్తు. దాని పిల్లకు తల్లి గాటే పెట్టాల, మొగుడి గాటు పెట్టకూడదు. అది కట్టుబాటు. అయితే ఎవురు పాటిస్తారు? రెండో ఈతకంతా మొగుడి గాటు పడిపోతాది, ఆడది నోరు మూసుకుంటాది. ఇన్నేండ్లు పుట్టింటి గాటు నిలబడిన మంద నేను చూసింది ఇదొక్కటే."

"తాతను నువ్వేమైనా అడిగినావా అవ్వా?"

"నేనేం అడగలా." అవ్వ చేట పక్కన పెట్టింది. "తొలి ఈత పిల్లలకు గాటు పెట్టేదానికి కత్తి పట్టుకోని నా మొకం చూసినాడు. ఏ చెవి అన్నాడు. నీ ఇష్టం అన్నా. ఎడమ చెవి పట్టుకున్నాడు. అంతే. మళ్లీ ఎప్పుడూ దాని మాట రాలా మా ఇద్దరి మధ్య."

ప్రమీల అవ్వ భుజం మీద తల పెట్టి బాగా ఏడ్చింది. "ఛీ, ఎండకు తల తిరిగిందేమో దీనికి, మజ్జిగ తీసుకురారా," అని అవ్వ మనవణ్ణి కేకేసింది.

సాయంత్రం ఆత్మకూరులో జనార్దనయ్య అంతా విని, పెన్ను మూత పెట్టినాడు, తీసినాడు, మళ్లీ పెట్టినాడు.

"దస్తగిరి చెప్తే ఆధారమా?"

"దస్తగిరిని వదిలెయ్. దొడ్లో నూటా ఎనభై గొర్రెలుండాయి, పోయి ఒక్కొక్క చెవి చూసుకో. ఏ ఆఫీసు ముద్ర కావాల నీకు అంతకన్నా?"

"మా నాయనను తక్కువ చేసి రాయమంటావా?"

"తాతను తక్కువ చేయమని ఎవురన్నారు? యాభయ్యో పేజీలో ఏం రాసినావు? 'మా నాయన తన పొట్టేళ్లను అమ్మి నన్ను టీచరు ట్రైనింగు చదివించినాడు' అని గదా? ఎవురి పొట్టేళ్లు చిన్నాయనా అవి?"

జనార్దనయ్య కళ్లద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకున్నాడు. గొడుగు బల్ల మీదే మరిచిపోయి వెళ్లిపోయినాడు.

మంగళవారం తొలి బస్సుకు ప్రమీల బస్టాండుకు పోతే ఆయన అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు. ఉదయగిరిలో దిగి నేరుగా దొడ్లోకి పోయినాడు. మేతకు బయల్దేరుతున్న మందను ఆపించి, ఒక గొర్రెపిల్లను పట్టుకుని ఎడమ చెవి చూసినాడు. ఇంకోదాన్ని పట్టుకున్నాడు. పది పదిహేను చెవులు చూసినాక, వచ్చి తల్లి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా మట్టి అవుతుందని కూడా చూసుకోలేదు.

"ఎందుకు చెప్పలేదమ్మా నాకు?"

"నువ్వెప్పుడు అడిగినావు?" అనింది అవ్వ. కోపంగా కాదు, ఉన్న మాట చెప్పినట్టే అనింది. "పుస్తకం రాస్తా ఉండానని మూడు సార్లు వచ్చినావు. పొలం సర్వే నంబరు అడిగినావు, చెప్పినా. ఎలక్షను ఏ ఏడని అడిగినావు, చెప్పినా. సైకిలు ఎప్పుడు కొన్నాడని అడిగినావు, అదీ చెప్పినా. నా సంగతి ఏమడిగినావు?"

అరవై ఎనిమిదేండ్ల హెడ్మాస్టరు తల వంచుకున్నాడు. ఆయన్ను అట్లా చూడటం ప్రమీలకు అదే మొదలు. నిన్నంతా ఆయన మీద ఉన్న కోపం ఎటు పోయిందో పోయింది, జాలేసింది.

ఆయన సంచిలోనించి నోటుబుక్కు తీసి కొత్త పేజీ తిప్పినాడు. "ఇప్పుడు అడుగుతుండా. మొదటి నించీ చెప్పు. ఆ గొర్రెలు మామలిద్దరూ ఇచ్చినారు గదా? వాళ్ల పేర్లు ముందు రాసుకుంటా."

"మీ మామలా!" అవ్వ మంచం మీద నిటారుగా లేచి కూర్చుంది. "వాళ్లు దొడ్డి తడికకు అడ్డం నిలబడినారు! మాకే గతిలేదు, నీకేం ఇస్తామన్నారు. మా అమ్మ వచ్చి ఇద్దర్నీ పక్కకు నెట్టేసింది. ఈ మందకు నేను పెంట ఎత్తలేదా, కసువు పెట్టలేదా, నాకు పన్నెండు గొర్రెల హక్కు లేదా అనింది. తడిక తీసి, పో, బిడ్డా, మంచివి ఏరుకో అనింది. ఆ తర్వాత ఆమెకు కొడుకుల ఇంట్లో కూడు సరిగ్గా దొరకలా. ఆ మాట ఎవురూ నాకు చెప్పలా, ఆమె పోయినాక తెలిసింది."

జనార్దనయ్య పెన్ను కాగితం మీద ఆగింది. నాలుగు తరాల మగవాళ్ల పేర్లు, పుట్టిన ఏడు, పోయిన ఏడు, అన్నీ గడగడా అప్పజెప్పగల మనిషి తల్లి మొకంలోకి చూసినాడు.

"ఆమె పేరు ఏందమ్మా?"

"రామలక్ష్మమ్మ." అవ్వ "రామలక్ష్మమ్మ," అని మళ్లీ అనింది. కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. "ఆ పేరు నన్ను అడిగినోళ్లు లేరురా ఈ ఇంట్లో."

ఆయన రాసుకున్నాడు. నోటుబుక్కు మోకాలి మీద పెట్టుకుని రాసేసరికి అక్షరాలు వంకర పోయినాయి. కొట్టేయలేదు, దిద్దలేదు. ఫోను తీసి నెల్లూరు ప్రెస్సువాళ్లకు చేసి, "అట్ట అట్లనే ఉంచండి, పుస్తకం మాత్రం ఇప్పుడు కాదు. ఇంకా సగమే రాసినా," అన్నాడు. ప్రమీల వైపు తిరిగి, ఆదివారం చుట్టాలు వస్తే రానీ, తిని పోతారు, వాళ్లనీ వాళ్ల అమ్మమ్మల పేర్లు అడుగుదాం అన్నాడు. "మొదటి పేజీ నించి మళ్లీ కొట్టాలమ్మా నువ్వు."

"కొడతా చిన్నాయనా. ఎన్నిసార్లయినా కొడతా."

ఆయన నేల మీదే ఇంకొంచెం ముందుకు జరిగి, తల్లి మోకాలి మీద చెయ్యి వేసినాడు. "ఎట్టుండేదమ్మా ఆమె చూసేదానికి?"

అవ్వ కొంగు తీసి కొడుకు మొకం కాసేపు తేరిపార చూసింది.

"ఎట్టుండేదేంది? అచ్చం నీ మాదిరే ఉండేది," అనింది.