చిత్రిక పట్టిన కప్పు

తలుపుల మీద లతలూ చిలకలూ చెక్కి బతికిన వడ్రంగి ఒకడున్నాడు. అతన్ని అందరూ నగిషీ అనేవారు. జనం రెడీమేడ్ తలుపులకు ఎగబడేసరికి దుకాణం మూతపడింది. అక్క తన మొగుణ్ణి బతిమాలి, తమ్ముణ్ణి ఆయన సెంట్రింగ్ పనిలో పెట్టించింది. ఆ బావనే నగిషీ ఏళ్ల తరబడి పదిమందిలో "పెట్టెలు కొట్టేవాడు" అని ఆటపట్టించాడు.

"చూడు బామ్మర్దీ," అన్నాడు బావ మొదటిరోజే. "కాంక్రీటు గట్టిపడేదాకా మోసే పలకలివి. ఆ తర్వాత ఊడబీకుతాం. నిలబడితే చాలు, అందం అక్కర్లేదు. ఇదీ పాడుచేశావో, నీకు ఇంకెవడూ పనివ్వడు."

నగిషీ తలూపాడు. తలకేం, ఊగుతుంది. చేతులే వినలేదు. గరుకు పలక కనబడితే అతనికి ఒంటిమీద జెర్రి పాకినట్టుండేది. బావ ఇంకో చోట పని చూసుకోవడానికి వెళ్లగానే, గది కప్పు కింద పరిచే పలకలన్నీ చిత్రిక పట్టాడు. సాండుపేపరుతో రుద్దాడు. అతుకుల్లో గోరు కూడా దూరకుండా బిగించి, తనలో తనే మురిసిపోయాడు.

కాంక్రీటు పోశారు. గట్టిపడ్డాక పలకలు ఊడదీస్తే కప్పు అద్దంలా మెరిసింది. కూలీలు నోళ్లు వెళ్లబెట్టారు.

"నీ జన్మలో ఇలాంటిది ఒక్కటైనా దించావా బావా?" అన్నాడు నగిషీ మీసం దువ్వుకుంటూ.

బావ తాపీమేస్త్రీని పిలిచాడు. అతను సిమెంటు ముద్ద తీసి కప్పుకు కొట్టాడు. ముద్ద కాసేపు ఆలోచించి, జారి అతని నెత్తినే పడింది. రెండోదీ అదే దారి పట్టింది.

"ఎవడయ్యా దీనికి వెన్న రాసింది?" అన్నాడు తాపీమేస్త్రీ మొహం తుడుచుకుంటూ. "పూత పట్టాలంటే గరుకుండాలి. కప్పంతా గాట్లు పెట్టించండి, అప్పుడొస్తా."

బావ సుత్తీ ఉలీ తెచ్చి నగిషీకి అందించాడు. "కొట్టు. లేదంటే ఇంటికెళ్లి మీ అక్కకి నువ్వే చెప్పుకో."

"నా చేత్తోనా బావా?"

"మరి మీ అక్క చేత్తోనా?"

నగిషీ బల్లెక్కాడు. మెడ వెనక్కి విరుచుకుని కొట్టాడు. రజను కళ్లలో పడుతుంటే నీళ్లు కారాయి. రజనువల్లే అని కూలీలకు చెప్పుకున్నాడు. సాయంత్రం బావ వచ్చి చూస్తే గాట్లన్నీ దారం పట్టినట్టు వరసలో ఉన్నాయి.

"ఎడాపెడా కొట్టమంటే ఇదేమిటి?"

"చెయ్యి వంకర పోవట్లేదు బావా."

బావ సుత్తీ ఉలీ వెనక్కి తీసుకున్నాడు. "సరే, రేపు రా. పాత పలకల్లో మేకులు పీకుదువుగాని. పలకలు మాత్రం ముట్టుకోకు."

"పలక ముట్టకుండా మేకెలా పీకుతారు?"

బావ అప్పటికే మెట్లు దిగిపోతున్నాడు.